ఫెయిలైన బోర్ల లెక్క

అనంతపురం జిల్లాలో సర్వేకు వెళ్తే రైతులు మమ్మల్ని ముందుగా అడిగేది ఒక్కటే. "నీళ్లు ఎక్కడ పడతాయి సార్?" అరచేతిలో కొబ్బరికాయ నిలిపి చూసేవాళ్లు చోటు వెంటనే చెప్పేస్తారు. మేము నేలలో నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తాం. గట్టి గ్రానైట్‌లో నిరోధం ఎక్కువ, నీళ్లున్న పగుళ్లలో తక్కువ. బంకమట్టిలోనూ తక్కువే! మేము మోసపోయేది అక్కడే.

2002లో ఎగిరిన గ్రేస్ ఉపగ్రహాలు, 2018లో వాటి తర్వాత వెళ్లినవి, గురుత్వాకర్షణలో తేడాను బట్టి భూమిలో నీటి తగ్గుదలను పసిగట్టాయి. అయితే వాటి చూపు వందల కిలోమీటర్ల మేర. మన ఊరి బోరు వాటికి ఆనదు. అందుకే పాత బోర్ల వివరాలు, వానల లెక్కలు కంప్యూటరుకు నేర్పిస్తున్నాం. వాతావరణం మారి, వాన ఇంకే వ్యవధి లేకుండా ఒక్కసారిగా కుమ్మరించిపోతే నీళ్లు ఎంత దిగుతాయో కూడా చూడాలి.

చిక్కేమిటంటే, నీళ్లు పడ్డ బోరుకు కరెంటు కనెక్షనూ కాగితమూ ఉంటాయి. ఫెయిలైనదాని మీద బండ పెట్టేస్తారు. మా నాన్న వేయించిన మూడు బోర్లూ ఏ పట్టికలోనూ లేవు. అప్పు మాత్రం ఉంది. పడ్డవాటినే చూసిన కంప్యూటరు ఎక్కడ చూపినా నీళ్లున్నాయనే అంటుంది. అందుకని ఊరూరా తిరిగి ఫెయిలైనవి రాసుకుంటున్నాం.

తమ్ముళ్లారా, సెలవులకు వెళ్లినప్పుడు మీ ఇంట్లోనూ అడగండి. ఎన్ని అడుగులు వేశారో, ఏ సంవత్సరమో రాసి తెండి.