అమ్మీ పేరు మీద ఒక టేబులు

మా ఇండ్లల్లో పుట్టినరోజు పండుగ లేదు. బిడ్డ పుట్టిన ఏడోనాడు అకీకా చేస్తాం. నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినాలకు ఎదురుగా కూర్చోబెట్టుకుని బిస్మిల్లా చదివిస్తాం. ఆ తర్వాత పెండ్లి. ఆ తర్వాత చావు. నడుమ వయసును ఎవరూ లెక్కపెట్టరు. కమలాపురంలో మేం పెరిగిన నాళ్ళలో పేరు రాసిన కేకు అంటే కడప బేకరీలో అద్దాల వెనక చూసిన వస్తువే.

అట్లాంటి ఇంట్లో 2025లో అమ్మీకి డెబ్బయ్యేండ్లు నిండుతున్నాయని కనిపెట్టింది మా అమ్మాయి. దాదీని హైదరాబాద్‌లో మంచి హోటలుకు తీసుకుపోదామని పట్టుబట్టింది. మేం ముగ్గురు తోబుట్టువులం సరేనన్నాం. ఖర్చు తనదేనని తమ్ముడు దుబాయి నుంచి చెప్పినాడు. ఒక పూట భోజనం, తొమ్మిది మంది మనుషులు, ఒక ముసలితల్లి. ఇందులో ఆలోచించేది ఏముంది అనుకున్నాం. మూడు వారాలు ఆలోచించినాం.

మొదటి చిక్కు తేదీ. అమ్మీ దగ్గర తేదీ లేదు, గుర్తు ఉంది. రంజాన్ నెలలో, పెద్దరాత్రికి ముందు రోజు, సహరీ పొయ్యి ఆరకముందే పుట్టిందట. ఆమెకు అది చాలు. కానీ చంద్రుని ఏడాదికి 354 దినాలే. అందుకని అమ్మీ పుట్టినరోజు ఏటా పదకొండు దినాలు ముందుకు జరుగుతూ ఎండాకాలం నుంచి చలికాలానికి, చలికాలం నుంచి వానాకాలానికి పోయి, ముప్పై మూడేండ్లకు ఒకసారి చుట్టి వస్తుంది. ఆధార్ కార్డులో మాత్రం 1-7-1955 అని కదలకుండా ఉంది. అది బడిలో చేర్చుకున్న పంతులయ్య వేసిన తేదీ. బడి జూన్‌లో తెరుస్తారు కాబట్టి లెక్క కుదిరేదానికి జూలై 1 వేసేవాళ్ళు. మాకే కాదు, రెడ్ల పిల్లలకూ, దళితవాడ పిల్లలకూ అదే తేదీ. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అప్పటికి అమ్మీకి పెండ్లి మాటలు నడుస్తున్నాయి.

తేదీ అందరికీ అదే. భయం మాత్రం అందరికీ అదే కాదు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. ఆ తర్వాత జనాభా పట్టికలో తల్లిదండ్రులు ఎప్పుడు పుట్టినారు, ఎక్కడ పుట్టినారు అని కూడా అడుగుతారన్న మాట వచ్చింది. అప్పుడు ఆ పంతులయ్య వేసిన తేదీ కోసం మేం రేకుపెట్టె అడుగుదాకా వెతికినాం. బడి వాళ్ళు ఇచ్చిన పసుపుపచ్చ కాగితం ఒకటి దొరికింది. మడతల దగ్గర చిరిగి ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచినాం. అబ్బా మిగిల్చి పోయిన ఆస్తికాగితాలను కూడా మేం అంత భద్రంగా పెట్టలేదు. అమ్మీ పుట్టినరోజును మేం మొదటిసారి లెక్కపెట్టింది అప్పుడే, పండుగ కోసం కాదు.

సరే, జూలై 1నే చేద్దామనుకున్నాం. అమ్మీ వద్దంది. ఆ ఏడు మొహర్రం నెల జూన్ 27న మొదలైంది. జూలై 1 అంటే అయిదో దినం. "పీర్లు నిలబెట్టిన దినాల్లో కేకు కోస్తారా? హుసేన్ సాబ్ నీళ్ళకు అలమటించిన దినాల్లో నాకు హోటలు తిండి కావాల్నా?" అని అడిగింది. సర్కారు తేదీ, పీర్ల తేదీ గుద్దుకుంటే మా ఇంట్లో పీర్లే గెలుస్తాయి. పదో దినం జూలై 6. అది దాటినాక వచ్చే ఆదివారం, 13వ తేదీ రాత్రికి ఖాయం చేసినాం.

రెండో చిక్కు హోటలు. సీమ పేరు చెప్పుకునే హోటలు ఒకటి మాదాపూర్ వైపు ఉందని మా చెల్లెలి మొగుడు చూసి వచ్చినాడు. ఎర్రమట్టి రంగు గోడలు, గోడలకు వేటకొడవళ్ళు, మీసాల బొమ్మలు. సినిమాలు చూపించిన సీమ. మెనూలో రాగిసంగటి, నాటుకోడి పులుసు, ఉగ్గాని బజ్జీ, ఓళిగలు. ఇవన్నీ మావే. అమ్మీ సంగటి గెలికితే ఒక్క ఉండ కూడా కట్టదు. కానీ కుష్కా లేదు, దాల్చా లేదు. మొహర్రంలో చేసే చోంగేలు లేవు, ఉరుసుకు పంచే మలీదా లేదు. సీమలో ఏమి తింటారో రాసిన ఆ అట్ట మీద సీమ తురకలు పండుగ చేసుకునేది ఒక్కటీ లేదు.

మాంసం హలాలేనా అని ఆయన మేనేజర్ని అడిగినాడట. "మా దగ్గర అట్లాంటివేమీ లేవు సార్" అన్నాడట ఆయన. మర్యాదగానే అన్నాడు. అయినా ఆ 'అట్లాంటివి' అన్న మాట మా ఇంటిదాకా వచ్చింది.

అట్లాంటివి అంటే ఏమిటి? మా తాత కమలాపురం చుట్టుపక్కల పల్లెల్లో పెండ్లయినా దినమైనా పిలిస్తే పోయి, బిస్మిల్లా చెప్పి పొట్టేళ్ళను కోసి వచ్చేవాడు. పిలిచింది హిందువులే. సాయిబు కోస్తేనే నీచు శుద్ధి అనేవాళ్ళు. కూలి కింద తలకాయో, ఇంత కూరో ఇచ్చేవాళ్ళు. హలాల్ అన్న మాట ఆ పల్లెల్లో ఎవరికీ పరాయిది కాదు, అది వంటకు ముందు జరిగే పని పేరు. 2022లో ఉగాదికి ముందు పక్క రాష్ట్రం కర్ణాటకలో హలాల్ మాంసం కొనొద్దని ప్రచారం చేసినారు. ఉగాది మరునాడు హొసతొడకు అని వాళ్ళు మాంసం వండుకునే పండుగ. ఆ పండుగ కూర మా చేతిది కాకూడదన్నారు. అదే ఉగాదికి మా కడప జిల్లా ముసల్మానులు ఏం చేస్తారు? దేవుని కడప పోయి వెంకటేశ్వరునికి టెంకాయ కొట్టి వస్తారు. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, ఆయన మా అల్లుడు. పండుగనాడు అల్లుణ్ణి చూసి వచ్చే మామగారి వంశం మాది. ఆ వంశం వాళ్ళు ఇప్పుడు హోటల్లో గొంతు తగ్గించి అడగాల్సి వచ్చింది, మాంసం ఎవరు కోసినారని.

పాతబస్తీకి పోదామన్నాడు తమ్ముడు. మదీనా ఉంది, షాదాబ్ ఉంది. అక్కడ మాంసం సంగతి అడగక్కరలేదు, పేరు చెప్పేదానికి జంకక్కరలేదు. నిజమే. కానీ అమ్మీ తలకాయ అడ్డంగా ఊపింది. నాలుగేండ్ల కిందట చార్మినార్ చూసి వస్తూ అటువైపు ఏదో చిన్న హోటల్లో తిన్నాం. అమ్మీ ఉర్దూ విని వడ్డించే పిల్లోడు నవ్వి, "ఆంధ్రా సే ఆయే క్యా?" అన్నాడు. అమ్మీ ఉర్దూలో రోలు రోలే, అటక అటకే, జేజి జేజే. ఆ భాషలోనే ఆమె మాకు జోలపాడింది, తిట్టింది, అబ్బా పోయిన నాడు ఏడ్చింది. ఆ నవ్వు ఆమె మరచిపోలేదు.

తిండి కూడా అంతే. తురకలంటే బిర్యానీ అని లోకం అనుకుంటుంది. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. మా ఊళ్ళో హలీమ్ అన్న పేరు మేం పెద్దయినాకే విన్నాం. మా పెండ్లి పందిళ్ళలో కుష్కా, దాల్చా, పలావు. 1800లో నిజాం మా జిల్లాలను కంపెనీ వాళ్ళకు దత్తం చేసినాడు. భూములతోపాటు మమ్మల్నీ ఇచ్చేసినాడు. ఇప్పుడు పాతబస్తీకి మేం ఆంధ్రావాళ్ళం. కడప బస్సులో పక్క సీటు ఆయనకేమో నిజాం వారసులం. "తెలుగు బాగా మాట్లాడతారే మీరు" అని మెచ్చుకుంటాడు. ఇరవై ఏండ్లకు పైగా తెలుగు పత్రికల్లో తెలుగు రాసి బతుకుతున్న వాళ్ళకు ఈ మెప్పు ఎంత బరువో ఆయనకు తెలీదు.

చివరికి మా అమ్మాయి బంజారాహిల్స్‌లో పెద్ద హోటలు ఒకటి చూసింది. మెట్లు లేవు, లిఫ్టు ఉంది, మాంసం సంగతి వాళ్ళే అట్ట మీద రాసినారు. ఇంక సమస్య లేదనుకున్నాం. టేబులు కోసం మా ముందరే ఫోన్ చేసింది. ఎవరి పేరు మీద అని అవతల అడిగినారు. మా అమ్మాయి "సోనీ" అంది. మా ఇంట్లో సోనీ ఎవరూ లేరు.

ఫోన్ పెట్టినాక గదిలో ఎవరం మాట్లాడలేదు. అమ్మీయే అడిగింది: "పుట్టినదినం నాది. నా పేరు చెప్పేదానికి ఏమైంది?"

"చెప్తే టేబులు ఇయ్యరని కాదు దాదీ. చెప్పినాక వాళ్ళ గొంతు మారతాది చూడు, అది వినేదానికి నాకు ఓపిక లేదు" అంది పిల్ల. ఆ పిల్లకు ఇరవై రెండేండ్లు. స్నేహితురాండ్లతో కలిసి అద్దె ఇల్లు వెతికిన పిల్ల. వాళ్ళ పేర్లు విన్నప్పుడు ఖాళీగా ఉన్న ఇల్లు, ఈమె పేరు వినంగానే నిండిపోయేదట. మేం ఆమెను కోప్పడలేకపోయినాం. మేం మాత్రం ఏం తక్కువ? ఆటోవాడు పేరు అడిగితే 'బాబు' అని చెప్పిన రోజులు మాకూ ఉన్నాయి.

సరిగ్గా ఏడాది కిందట, 2024 జూలైలో, ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో ఉన్న హోటళ్ళు, పండ్లబండ్లు యజమానుల పేర్లు బోర్డు మీద రాయాలని ముజఫర్‌నగర్ పోలీసులు ఆదేశించినారు. తర్వాత అది రాష్ట్రమంతటికీ వచ్చింది. జూలై 22న సుప్రీంకోర్టు ఆపింది. ఏమి వండుతారో రాయమనొచ్చు గానీ పేరు రాయమని బలవంతం చేయకూడదని చెప్పింది. మా డెస్కు మీద ఆ వార్తను తెలుగు చేసింది మేమే. చేస్తూ ఒక సంగతికి నవ్వు వచ్చింది. ఆ ఆదేశం మా సీమలో ఎట్లా నడుస్తుంది? మా దిక్కు హుసేనప్ప హిందువు, పక్కీరప్ప హిందువు, కుల్లాయప్ప హిందువు. పీర్లకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డలు, పీర్ల పేర్లే పెట్టుకున్నారు. దస్తగిరి అని బోర్డు రాస్తే లోపల వండేది ఎవరని చెప్తారు? ఆ పేర్లు పెట్టిన పల్లె ముసలమ్మలకు చదువు లేదు. అయినా పేరును బట్టి మనిషిని వేరుచేసే పనికి వాళ్ళు ముందే అడ్డం వేసి పోయినారు.

అమ్మీకి ఈ వార్త చదివి వినిపించక్కరలేదు. ఆమె కమలాపురం బడిలో అయిదో తరగతి దాకా తెలుగు చదివింది. పత్రిక తనే చదువుకుంటుంది. ఆమె అన్నది ఒక్కటే: "ఏ హోటలైనా సరే. నేను నడవగలిగేది చూడండి. కూర సంగతి సిగ్గుపడకుండా అడగండి. నా పేరు, నా పూర్తి పేరు చెప్పండి. ఈ మూడూ కుదరని తావున నాకు నీళ్ళు కూడా వద్దు."

మూడు వారాలు మేం హోటళ్ళను చూసినాం. అమ్మీ మమ్మల్ని చూసింది. ఆమె చెప్పినాక ఎంపిక పది నిమిషాల పని అయింది. మెహదీపట్నంలో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న మామూలు ఫ్యామిలీ రెస్టారెంటుకు మా అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. షేక్‌తో మొదలై బీ అన్న దీర్ఘంతో ముగిసే పేరును అక్షరం వదలకుండా చెప్పింది. అవతలి గొంతు మారిందో లేదో మేం అడగలేదు. పిల్ల చెప్పలేదు. పెద్ద హోటలు టేబులు వద్దని చెప్పేసింది.

పదమూడో తేదీ రాత్రి తొమ్మిది మందిమీ పోయినాం. మెనూ అంతా ఇంగ్లీషు. ఈ నగరంలో తెలుగు చదివే ముసల్దానికి, ఉర్దూ చదివే ముసలాయనకు పనికొచ్చే మెనూ మేం చూసిన ఏ హోటల్లోనూ లేదు. అమ్మీ దాన్ని పక్కన పెట్టి, "ఏమేముండాయప్పా?" అని వడ్డించే పిల్లోణ్ణి అడిగింది. ఆ పిల్లోనిది బెంగాల్. తెలుగు రాదు. అమ్మీ తన ఉర్దూలోకి మారింది. వాడు తన హిందీలో జవాబిచ్చినాడు. ఆమె ఉర్దూలో సగం తెలుగు, వాని హిందీలో సగం బెంగాలీ. ఇద్దరికీ బాగా అర్థమైంది. వాడు నవ్వలేదు. పలావు తెచ్చినాడు. "మన పలావు కాదు" అని గొణిగి, రెండోసారి పెట్టించుకునింది. పోయేటప్పుడు, నువ్వు తిన్నావా అని వాణ్ణి అడిగింది. పేరు అడగలేదు.

కేకు సంగతి చెప్పాలి. పేరు తెలుగులోనే రాయించమని అమ్మీ పొద్దున్నే చెప్పి ఉంది. బేకరీలో రాసే పిల్లోనికి తెలుగు రాదు. మా చెల్లెలు ఆ క్రీమ్ కోన్ తీసుకుని తనే రాసింది. షేక్‌లో కాపొల్లు వంకర పోయింది, బీ దీర్ఘం కేకు అంచు దాటింది. బల్ల మీద దాన్ని తెరిచినప్పుడు పక్క టేబుళ్ళ వాళ్ళు తిరిగి చదివినారు. అమ్మీ కండ్లద్దాలు పెట్టుకుని తనూ చదివింది, వేలు పెట్టి, బడిలో చదివినట్టు. తప్పులు లేవంది.

మా తల్లి పేరును నలుగురి నడుమ పైకి చదివేదానికి మాకు ఇంత లెక్క, ఇంత జంకు ఎందుకు కావాల్సి వచ్చిందో పక్క టేబుళ్ళ వాళ్ళకు తెలీదు. తెలియాలనే ఇది రాస్తున్నాం. ఇంటికి పోతూ ఆటోలో అమ్మీ, వచ్చే రంజాన్‌లో పెద్దరాత్రి ముందు రోజు తన అసలు పుట్టినదినం కమలాపురంలో చేసుకుంటానని చెప్పింది. ఇఫ్తారుకు వీధి వాళ్ళందర్నీ పిలవాలట. కుష్కా, దాల్చా తనే చేస్తుందట. ఆధార్‌లో తేదీ మార్పించమంటావా అని అడిగినాం.

"దాన్ని అట్లే ఉండనీయండి. పాపం, ఆ పంతులయ్య ఏమనుకుంటాడు" అంది.