ఉత్తరవాహిని తీరమున

ఉత్తరాభిముఖముగ ప్రవహించు నదిని పుణ్యవాహినిగ నెంచి, అచ్చట మునిగిన పాపములు తొలగునని నమ్ము జాతిలో పుట్టిన నాకు, కెనడా దేశపు మానిటోబా రాష్ట్రమున రెడ్ నది యొడ్డున కాపురమున్న రైతులు ఆ యుత్తరగమనమునే సకలానర్థములకు మూలముగ తలచుట మొదట విడ్డూరముగ తోచినది. కారణము తెలిసిన పిమ్మట న్యాయము వారి పక్షముననే యున్నదనిపించినది. అమెరికాలో ఉత్తర డకోటా, మిన్నెసోటా రాష్ట్రముల సరిహద్దున పుట్టిన ఈ నదికి ఎగువ భాగము దక్షిణమున నుండుటచేత, వసంతారంభమున అచ్చటి మంచు ముందు కరగును. ఆ నీరు దిగువకు చేరునప్పటికి ఇచ్చటి నది యింకను గడ్డకట్టియుండి, మంచుఫలకములు దారి కడ్డుపడును. పైగా ఇది పేరునకు లోయయే గాని, హిమయుగాంతమున ఏర్పడిన అగాసీ యను మహాసరస్సు నీరు వెడలిపోగా మిగిలిన అడుగునేల. మైలునకు అడుగు వాలైనను లేని ఆ సమతలమున గట్టు పొర్లిన నీరు నలుదెసలకును పఱచుకొనును.

విన్నిపెగు నగరమునుండి 75వ నంబరు రహదారిపై దక్షిణముగ బయలుదేరితిమి. 1950 వరదలో నగరమునుండి లక్షమంది తరలిపోవలసి వచ్చిన తరువాత, 1962 మొదలు 1968 వఱకు 47 కిలోమీటర్ల వరదకాలువ నగరమునకు తూర్పుగ త్రవ్విరి. దానికి పూనుకొన్న ముఖ్యమంత్రి డఫ్ రాబ్లిన్‌ను ఎగతాళి చేయుచు దానిని 'డఫ్ గారి గుంట' అనిరట. పిదప ఆ పేరునే గౌరవముతో వాడుచున్నారు. కాలువ నగరమును కాచును గాని, దానికి దక్షిణముననున్న పల్లెలకు ఎవరి కట్ట వారిదే. సాంత్ అగాత్ గ్రామస్థులు 1997లో నదివైపు కాపుగాయుచుండగా, నీరు పడమటి పొలములమీదుగ వెనుకనుండి వచ్చి ఊరిని ముంచినది.

మేము దిగినది యొక చిన్న పశుక్షేత్రము: ఇరువది ముప్పది ఆవులు, ఒక గొఱ్ఱెలమంద, కొన్ని కోళ్లు, వానిని సాకు నడివయసు దంపతులు. మానిటోబా విశ్వవిద్యాలయమున పశుశాస్త్రము చదువుచున్న మా మేనల్లుడు సెలవులలో వారికి చేదోడుగ నుండుటచేత నాకును ఆతిథ్యము దొరికినది. ఇంటిని, కొట్టములను చుట్టి నిలువెత్తు మట్టికట్ట కలదు. "ఇంత కట్ట యుండగా మీకు భయమేమి?" అంటిని. గృహిణి బదులు చెప్పక కట్టలోపల పేరుకొన్న మంచును చూపినది. నదిని బయట నాపు ఆ కట్టయే లోపలి మంచునీటిని వెలుపలికి పోనీయదు. తూము తెఱచిన వరద లోనికి వచ్చును, మూసిన లోపలి నీరు కొట్టముల కెక్కును. కావున మంచును ముందుగనే ట్రాక్టరుతో కట్ట వెలుపలికి చేర్చుట, మంచులోనే కాలువలు తీయుట, గడ్డకట్టిన తూములను ఆవిరితో కరగించుట, తుదకు తూము మూసి రాత్రింబవళ్లు పంపులతో తోడుట, ఇది వారి వసంతోత్సవము!

మన గోదావరి శ్రావణమేఘములను వెంటబెట్టుకొని పొంగును. ఇచ్చటి వరద నిర్మలాకాశముక్రింద, ఎండకు మంచు కరగుటచేతనే రావచ్చును, అదియు ముందుగ కబురంపి. అయినను చిక్కు తప్పదు, ఏలయన ఆవులు ఈనుకాలమును అదే. ఎక్కడ చూచినను మడమలోతు జిగటబురద. అది పొదుగుల కంటును, ఆ పొదుగు కుడిచిన లేగలకు పారుడు పట్టును, పెద్దపశువుల గిట్టలు కుళ్లును. దినదినమును పొడిగడ్డి మందముగ పఱచుచునే యుండవలెను. గడ్డిచుట్టలను కంకరదిబ్బ మీదికి చేర్చిరి. తడిసిన మేత బూజుపట్టి పశువు నోటికి పనికిరాదు. వరద తీసిన తరువాత బావిలో క్లోరిను పోసి, నీటిని పరీక్ష చేయించినగాని త్రాగరు.

"ఈనుటయే మే నెలకు జరుపరాదా?" అని అడిగితిని. "అప్పుడు శరత్తులో అమ్మునప్పటికి దూడల తూకము తగ్గునండీ" అని యజమాని యుత్తరము. లెక్క సరియైనదే గాని, చచ్చిన లేగల వెల అందులో చేరినదా యని నాకు సంశయము. అతిథిని గనుక ఊరకుంటిని.

పశువులను మెరకకు తోలుట యెప్పుడను విషయమున భార్యాభర్తలకు వాదము నడచినది. ఇంకొక దినము ఆగవచ్చునని ఆయన. మట్టిబాట తెల్లవాఱుజామున గడ్డకట్టి గట్టిగ నున్నప్పుడే ట్రెయిలరు సాగును, ఎండయెక్కిన చక్రములు దిగబడును, కావున మఱునాడు వేకువనే బయలుదేరవలెనని ఆమె. ఆమె మాటయే నెగ్గినది. చూడియావులను ముందు, లేగలతల్లులను పిదప నెక్కించి, తూర్పున మెరకనున్న బంధువుల పొలమునకు తరలించిరి. ఒక ఎఱ్ఱయావు ట్రెయిలరు పలక యెక్కనని మొరాయింపగా, "మామయ్యా, ముందు నిలువకండి, పక్కకు రండి, అదే ఎక్కుతుంది" అని మేనల్లుడు కేకవేసినాడు. అట్లే చేసితిని, అదియు ఎక్కినది. గొఱ్ఱెలు ఆఖరి విడతలో వెళ్లినవి. కోళ్లను మాత్రము కొట్టము అటకమీదికి చేర్చిరి. మోరిసు పట్టణపు కట్టలో రహదారి సాగు సందును మట్టితో మూయుచున్నారని రేడియోలో వినబడగా, మేమును ఆ ట్రెయిలరు వెనుకనే తూర్పుబాట పట్టితిమి.