రాయవేలూరు కోటకు పిల్లలను తీసుకువెళ్ళండి



సెలవులలో ఎక్కడికి వెళ్దామని పిల్లలు అడిగితే తిరుపతి, బెంగుళూరు, ఊటీ మన నోట ముందుగా వస్తాయి. గుడియాత్తంలో ఉంటున్న మనకు 30 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఒక పాత రాజధాని ఉన్నదన్న సంగతి స్ఫురించదు. మన పెద్దలు దానిని రాయవేలూరు అన్నారు. ఆ 'రాయ' శబ్దం విజయనగర రాయలది.

చుట్టూ నీటి అగడ్త గల ఈ రాతికోట 16వ శతాబ్దంలో విజయనగర సామంతులైన నాయకుల కాలంలో వెలసింది. అప్పయ్య దీక్షితులను ఆదరించిన చిన్నబొమ్మనాయకుడు ఇక్కడివాడే. 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆరవీటి వేంకటపతిరాయలు చంద్రగిరి నుండి రాజధానిని ఇక్కడికి మార్చాడు. 1614లో ఆయన మరణించగానే వారసత్వపు పోరు రేగింది. గొబ్బూరి జగ్గరాయుడు రాజకుటుంబాన్ని హతమార్చాడు. రామదేవుడనే బాలుని మాత్రం వెలుగోటి యాచమనాయకుడు ఒక చాకలి సాయంతో కోట దాటించాడు. పోర్చుగీసు పాదిరి బర్రాడస్ 1616లో వ్రాసిన లేఖలో ఈ వృత్తాంతం ఉన్నది.

తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు ఒక బాలిక, "ఆ చాకలి పేరేమిటి సార్?" అని అడిగింది. పుస్తకాలు అతనిని చాకలి అని మాత్రమే అంటాయని చెప్పాను. ఆ పిల్ల ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడుతుంది. చదవడానికి మాత్రం అక్షరాలు కూడబలుక్కోవాలి.

మన చిక్కు ఇదే. 2006 నాటి చట్టం ప్రకారం తమిళం ఒకటవ తరగతి నుండి ఏటేటా పైకి ప్రాకి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. ఇక్కడ పుట్టినవారు తమిళం నేర్వడం న్యాయమే, అవసరమే. అయితే తెలుగు కూడా ఈ నేలదేనని పిల్లవానికి తెలియకపోతే దానిని నిలుపుకోవాలన్న పట్టుదల ఎక్కడినుండి వస్తుంది? 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే కేంద్రమన్న సంగతి ఎందరికి చెప్పాము?

కోటలో జలకంఠేశ్వరాలయపు కల్యాణమండపం ముందు కాసేపు ఆగండి. శతాబ్దాలపాటు పూజలు లేని ఆ గుడిలో 1981లో లింగాన్ని మరల ప్రతిష్ఠించారు. 1806 జూలై 10న సిపాయిలు తిరగబడిన చోటును చూపండి. పాలారు ఒడ్డున, 1832లో బందీగా కన్నుమూసిన కండి చివరి రాజు సమాధిని కూడా చూపండి.

ఇంటికి వచ్చాక పిల్లలచేత చూసినదంతా ఒక పుట తెలుగులో వ్రాయించండి. తప్పులున్నా సరే, దిద్దడానికి మేమున్నాము.