పాట మనది, రికార్డింగ్ ఎవరిది?



ఈ మధ్య మన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది "మా గూడెం పాటలు రికార్డు చేయించాలి, మంచి స్టూడియో ఉంటే చెప్పండి" అని అడుగుతున్నారు. ఒక పేరు చెప్పి ఊరుకుంటే సరిపోయే విషయం కాదిది. అందుకే రెండేళ్లుగా మా విద్యార్థి బృందం చూసింది, తెలుసుకున్నది కొంచెం వివరంగా రాస్తున్నాం. పెద్ద పోస్టే, ఓపికతో చదవండి.

ముందు ఒక పాత సంగతి. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డిస్టు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. అప్పట్లో ఇప్పటిలా మైకు లేదు. పెద్ద గొట్టం ముందు నిలబడి గట్టిగా పాడితే, ఆ ఊపుకి సూది కదిలి మైనం పలక మీద గీత పడేది. పాటకు దొరికే టైము మూడు నిమిషాలు, అంతే. ఆ చివర్లో గౌహర్ జాన్ తన పేరు తానే చెప్పేది. పలకలు జర్మనీలోని హానోవర్ ఫ్యాక్టరీకి పోయేవి కాబట్టి, ఎవరి పాటో అక్కడివాళ్లకు తెలియాలని అట్ల చెప్పించేవాళ్లు అంటారు. కారణం ఏదైనా, 120 ఏళ్లు దాటినా ఆమె పేరు ఆమె పాటతోనే ఉంది. మన అవ్వలు, తాతలు పాడిన పాటల కింద మాత్రం ఇప్పటికీ "జానపదం" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు. పేరు లేదు, ఊరు లేదు, ఏ తెగ పాటో కూడా లేదు.

ఇక మా అనుభవం. రెండేళ్ల కింద ఉట్నూరు వైపు మా దండారి బృందాన్ని పట్నంలో ఒక రికార్డింగ్ కంపెనీ పిలిచింది. మేమూ తోడు పోయినం. ఏసీ గది, గోడలకు స్పాంజి, అద్దం అవతల ఇంజనీరు. మనవాళ్లు చుట్టూ తిరుగుతూ, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించేవాళ్లు. అక్కడ ఒక్కొక్కరిని విడివిడిగా కూర్చోబెట్టి, చెవికి హెడ్‌ఫోన్ పెట్టి, దాంట్లో "టిక్ టిక్" అని తాళం వినిపించారు. సినిమా పాటకు అదే పద్ధతి. విడివిడిగా తీసినవన్నీ తర్వాత కలవాలంటే అందరికీ ఒకే లెక్క ఉండాలి. కానీ మా డోలు తాత కొంచెంసేపు విని హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టిండు. "బిడ్డా, నేను ఆడేటోళ్ల కాళ్లు చూసి కొడ్త. ఈ టిక్కుకు కాళ్లున్నయా?" అన్నడు. ఇంజనీరు కూడా నవ్విండు, కానీ పద్ధతి మారలేదు.

తర్వాత గొంతులు "సరిచేశారు". 1997లో ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. గొంతు కొంచెం పక్కకు పోతే, దగ్గరలో ఉన్న స్వరం మీదికి లాగి పెడుతుంది. మామూలుగా దానికి తెలిసిన స్వరాలు హార్మోనియం మెట్ల లాంటి పన్నెండు. మన అవ్వల పాట మెట్ల మీద నడవదు, వాగు లెక్క జారుతూ పోతుంది. ఆ జారుడే ఆ పాట అందం. తయారైన పాట గూడెంలో వినిపిస్తే మా పెద్దమ్మ ఒకామె, "మంచిగనే ఉంది, ఎవరు పాడిండ్రు?" అని అడిగింది. పాడింది ఆమెనే.

హక్కుల కాగితం గురించి అడిగితే "తర్వాత పంపిస్తాం" అన్నారు. రాలేదు. కొన్ని నెలలకు మా తమ్ముడు ఒకడు పెళ్లిలో ఆ పాట వేసుకొని ఆడిన వీడియో యూట్యూబ్‌లో పెడితే, ఆ శబ్దం మీద హక్కు కంపెనీదని నోటీసు వచ్చింది. పాడిన పెద్దమ్మ ఆ వీడియోలోనే ఆడుతున్నది!

అప్పుడు చట్టం తెలిసిన అన్నల దగ్గర కూర్చొని నేర్చుకున్నం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు మామూలుగా దాన్ని తయారు చేయించిన నిర్మాతది. విడుదలైనాక 60 ఏళ్లు ఉంటుంది. కానీ పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు వేరే హక్కు ఉంది. 1994 సవరణతో వచ్చింది, 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ దాన్ని ఇంకా గట్టి చేసింది. తన పేరు వేయమని కళాకారుడు అడగొచ్చు, పేరు చెడగొట్టేలా పాటను మారిస్తే అభ్యంతరం చెప్పొచ్చు, వ్యాపారానికి వాడితే రాయల్టీ అడగొచ్చు. హక్కులు రాసివ్వడం అంటే కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని లెక్క. ఎక్కడెక్కడ వాడొచ్చో రాయకపోతే మన దేశం వరకే. ఒక్క లోటు ఉంది. తరతరాల పాటకు ఫలానా రచయిత అని ఉండడు కాబట్టి, ఆ పాట మొత్తం తెగదే అని ఈ చట్టం చెప్పదు. అందుకే మన కాగితం మనమే రాసుకోవాలి.

పోయినేడు ఇంకో ఇంజనీరును పిలిచినం. ఆయన మమ్మల్ని పట్నం రమ్మనలేదు, సామాను సంచిలో పెట్టుకొని తనే గూడెం వచ్చిండు. మొదటి రోజు మైకు బయటికి తీయలేదు. కూర్చొని విన్నడు. చప్పట్లు కొట్టుకుంటూ అంతా తిరిగిండు. కమ్యూనిటీ హాల్లో సిమెంటు గోడలకు చప్పుడు తిరిగి వస్తుందని వద్దన్నడు. ఇప్పచెట్టు కింద మెత్తని నేల చూసి అక్కడే అన్నడు. జనరేటర్ బందు చేయించిండు. కరెంటు వైర్ల దగ్గర 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోత మైకులోకి వస్తుందట, తర్వాత పాట పాడు కాకుండా దాన్ని తీసేయడం కష్టమట.

రెండో రోజు అందరినీ ఎప్పటిలాగే గుండ్రంగా ఉంచి, మొత్తం వినపడేలా ఎదురుగా రెండు మైకులు పెట్టిండు. పేప్రే గట్టిగా మోగుతది కాబట్టి దాని మైకు దూరంగా. ప్రధాన్ తాత కిక్రి సన్నగా పలుకుతది కాబట్టి దాని మైకు దగ్గరగా. ఒక మైకు వాయిద్యానికి ఒక అడుగు దూరంలో ఉంటే, పక్క మైకు దానికి కనీసం మూడడుగులు ఎడంగా ఉండాలి, లేకపోతే ఒకే చప్పుడు రెండింట్లో పడి బోలుగా వినిపిస్తదని చెప్పిండు. తుడుం ఎంత గట్టిగా కొట్టినా మీటరు సున్నా దాటకుండా, పన్నెండు డెసిబెల్స్ కిందనే ఉండేటట్లు పెట్టిండు. సున్నా దాటితే శబ్దం తల తెగిపోతుంది, తెగినదాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ అతికించలేం.

మధ్యాహ్నం ఒక పాట దగ్గర పెద్దలు ఆగిపోయారు. "ఇది పెన్ ముందర పాడేది, ఇప్పుడు పాడొద్దు" అన్నడు పటేల్. ఇంజనీరు ఒక్క మాట కూడా అడగలేదు. మిషన్ ఆపి, ఎర్ర లైటు ఆరిపోయిందని తాతకు దగ్గరకు తెచ్చి చూపించిండు. మాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే. ఏది తీయొద్దో తెలిసినోడే రికార్డింగ్ తెలిసినోడు.

ప్రతి పాటకు ముందు పాడేవాళ్లు తమ పేరు, ఊరు, పాట ఏ సందర్భంలో పాడతారో గోండిలో చెప్పారు. అది ఆ ఫైల్లోనే ఉంది. రేపు ఎవరు ఎక్కడికి తీసుకుపోయినా, అసలు ఫైల్ తెరిస్తే ముందు వినపడేది మన పేరే.

మిత్రులారా, గుస్సాడీకి 2021లో పద్మశ్రీ తెచ్చిన కనకరాజు తాత, కోయ కంచుమేళం కళాకారుడు, 2022 పద్మశ్రీ సకిని రామచంద్రయ్య తాత, ఇద్దరూ 2024లోనే మనల్ని విడిచి పోయారు. బిరుదులు లేని తాతలు, అవ్వలు ప్రతి గూడెంలో ఉన్నారు. వాళ్ల దగ్గర ఎన్ని పాటలున్నాయో మనం లెక్క కూడా రాసుకోలేదు. కాబట్టి రికార్డింగ్‌కు పోయే ముందు ఇవి గుర్తు పెట్టుకోండి:

1. ఏ పాట తీయొచ్చు, ఏది తీయొద్దు అనేది ముందు గూడెం పెద్దలు చెప్పాలి.

2. కాగితం తెలుగులో ఉండాలి. పాడేవాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించాలి. ఎన్నేళ్లు, ఎక్కడ, పేరు ఎట్ల వేస్తారు, డబ్బు ఎట్ల పంచుతారు, నాలుగూ రాయాలి.

3. అందరినీ కలిపి తీయమని, గొంతులు సాఫ్ట్‌వేర్‌తో లాగొద్దని ముందే చెప్పండి.

4. మిక్సింగ్ చేసిన పాటతో పాటు అసలు ఫైళ్లు కూడా అడిగి తీసుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైల్ అని అడగండి. స్టీరియో అయితే గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. వాట్సాప్‌లో మామూలు ఆడియోగా పంపితే నాణ్యత పోవచ్చు, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి.

5. మూడు కాపీలు పెట్టండి. ఒకటి మాత్రం వేరే ఊళ్లో ఉండాలి.

డబ్బు లేనివాళ్లు ఆగాల్సిన పని లేదు. ఫోనుతోనే మొదలుపెట్టండి. ఫ్యాను, టీవీ ఆపి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, పాడేవాళ్లకు రెండు మూడు అడుగుల దూరంలో మెత్తటి గుడ్డ మీద ఉంచండి. ముందు పేరు, ఊరు చెప్పించండి.

ఈ దండారికి సెలవుల్లో ఇంటికి పోయేవాళ్లు తలా ఒక్క అవ్వ దగ్గర, ఒక్క తాత దగ్గర కూర్చోండి. ఏయే పాటలు వస్తాయో అడిగి నోటుబుక్కులో రాసుకొని రండి. మిషన్ల సంగతి తర్వాత అందరం కలిసి చూద్దాం.

జై ఆదివాసీ!