పసివాళ్లు ముందు కూర్చునే నగరం

ఆమ్‌స్టర్‌డామ్ ఉదయాలలో కాలువల వంతెనలపై సాగిపోయే సైకిళ్లలో తొట్టి సైకిళ్లు అనేకం. ముందరి కొయ్యతొట్టిలో పిల్లలు. వెనుక తొక్కుతూ తల్లో, తండ్రో. ఒకనాడు రొట్టెలనూ పాలనూ మోసిన ‘బాక్‌ఫీట్స్’ నేడు బడిపిల్లల వాహనమైంది.

2000 తరువాతి దశకంలో నెదర్లాండ్స్‌లో వెలువడిన ‘టాగా’ మరింత చిత్రమైనది. మూడు చక్రాల ఈ సైకిలుపై బిడ్డ ఆసనం ముందుభాగాన ఉంటుంది. అంగడి చేరగానే చట్రాన్ని మడిస్తే అదే తోపుడుబండి! నిద్రించే బిడ్డను లేపకుండానే లోపలికి తీసుకుపోవచ్చు.

అయితే ఈ నిశ్చింత ఊరక లభించినది కాదు. 1971లో ఆ దేశపు రోడ్లు బలిగొన్న ప్రాణాలు సుమారు 3,300. వారిలో పిల్లలే 400కు పైగా. కుమార్తెను పోగొట్టుకున్న పాత్రికేయుడు విక్ లాంగెన్‌హోఫ్ 1972లో ‘శిశుహత్యలు ఆపండి’ అని వ్యాసం వ్రాశాడు. ఆ శీర్షికే ఉద్యమానికి పేరయింది. తల్లిదండ్రులు పిల్లలతోసహా వీధులకెక్కారు. 1973 చమురు సంక్షోభంలో ఆదివారాలు కార్లు నిలిచిపోగా, మోటారు లేని వీధి ఎంత ప్రశాంతమో జనం కళ్లారా చూశారు. క్రమక్రమంగా సైకిళ్లకు వేరు బాటలు ఏర్పడ్డాయి.

యంత్రం ఎంత తెలివైనదైనా, నిర్భయమైన దారి లేనిచోట అందులో బిడ్డను ఎవరు కూర్చోబెడతారు?