స్పానిష్‌లో నువ్వూ, మీరూ

పిల్లలూ! పరాయి భాష నేర్చుకునేటప్పుడు మన భాషను చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రావాలని కొందరు అనుకుంటారు. అది సరికాదు. ఎన్నో ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి నేను. ఈ సంగతి స్పానిష్ భాషలోని సర్వనామాలతో మీకు రుజువు చేస్తాను.

ఆ భాష మనకెందుకు అంటారా? హైదరాబాదులో మాదాపూరు వెళ్ళినవారు సైబర్ టవర్స్ అనే గుండ్రని కట్టడం చూసే ఉంటారు. అది 1998లో ప్రారంభమయింది. ఆ తరవాత హైటెక్ సిటీలోనూ, గచ్చిబౌలిలోనూ ఎన్నో కంపెనీలు వెలిశాయి. అక్కడ పనిచేసేవారిలో చాలామంది దూరదేశాలవారితో మాట్లాడవలసి ఉంటుంది. స్పెయిన్, మెక్సికో, పెరూ, అర్జెంటీనా మొదలైన 20 దేశాలకు స్పానిష్ అధికార భాష. ఆ భాషను మన నగరంలోనే నేర్పుతున్నారు. తార్నాక దగ్గర 1958లో ఇంగ్లీషు బోధన కోసం వెలసిన సంస్థ ఈనాడు ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. స్పానిష్ అక్కడి పాఠాలలో ఒకటి.

ఇక మన పాఠం. పేరుకు బదులు వాడే మాట సర్వనామం. స్పానిష్‌లో ‘నేను’ అనడానికి ‘యో’ అంటారు. ‘నువ్వు’ అంటే ‘తూ’. ‘అతడు’ అంటే ‘ఎల్’, ‘ఆమె’ అంటే ‘ఎయ్యా’. ‘మేము’ అంటే ‘నొసోత్రోస్’, ‘వాళ్ళు’ అంటే ‘ఎయ్యోస్’. గౌరవంగా ఒకరిని ‘మీరు’ అనాలంటే ‘ఉస్తెద్’. చాలామందిని ‘మీరు’ అనాలంటే ‘ఉస్తెదెస్’.

‘తూ’ అనే మాట ఎక్కడో విన్నట్టున్నది కదూ? హిందీ, ఉర్దూలలోనూ ‘తూ’ ఉన్నది, సంస్కృతంలో ‘త్వం’ ఉన్నది. ఇవన్నీ ఒకే భాషా కుటుంబంలోని చుట్టాలు. మన తెలుగు వేరే కుటుంబానికి చెందినది. అయినా వాడుకలో తెలుగుకూ స్పానిష్‌కూ ఎంత పోలిక ఉన్నదో చూడండి.

‘మాట్లాడతాను’ అనండి. ఎవరు మాట్లాడేది? నేను! ‘మాట్లాడతావు’ అంటే నువ్వు. సర్వనామం చెప్పకపోయినా క్రియ చివర చూసి మనిషిని గుర్తు పడతాం. స్పానిష్ కూడా అంతే. ‘ఆబ్లో’ అంటే మాట్లాడతాను, ‘ఆబ్లాస్’ అంటే మాట్లాడతావు, ‘ఆబ్లామోస్’ అంటే మాట్లాడతాము. ఇంగ్లీషులో ఇలా వదిలెయ్యడం కుదరదు. అందుకే ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారు ప్రతి వాక్యానికీ ముందు ‘యో, యో’ అని తగిలిస్తారు. ‘నువ్వు కాదు, నేను మాట్లాడతాను’ అని నొక్కి చెప్పవలసి వస్తేనే ఆ ‘యో’ అవసరం.

ఇంకొక వింత. ‘మీరు వచ్చారు’, ‘వారు వచ్చారు’ – రెండింటికీ క్రియ ఒకటే. స్పానిష్‌లో కూడా ‘ఉస్తెద్’కు ప్రత్యేకమైన క్రియ లేదు. ‘ఎల్ ఆబ్లా’ అంటే అతడు మాట్లాడతాడు, ‘ఉస్తెద్ ఆబ్లా’ అంటే మీరు మాట్లాడతారు. ఎందుకంటే, ‘ఉస్తెద్’ పుట్టింది ‘బువెస్త్రా మెర్సెద్’ అనే పాత సంబోధన నుంచి. ‘తమ దయ’ అని దాని అర్థం. ఎదురుగా ఉన్న మనిషినే ‘అయ్యగారు భోంచేశారా?’ అని ఎవరి గురించో అడిగినట్టు అడుగుతాం చూడండి, ఆ పద్ధతే ఇది.

మా పక్క వాటాలో ఉండే అమ్మాయి గచ్చిబౌలిలో ఒక కంపెనీలో పని చేస్తున్నది. మెక్సికోలో ఉన్న ఒక పెద్దావిడతో ఫోనులో మాట్లాడుతూ ఆవిడను ‘తూ’ అనేసింది. అవతలి గొంతు బిగుసుకుపోయిందట. ఇంగ్లీషు ‘యూ’ చిన్నాపెద్దా అందరికీ చెల్లుతుంది గనక ఆ అమ్మాయికి తప్పు ఎక్కడున్నదో తోచలేదు. సాయంత్రం నాయనమ్మ సంగతి విని, “ఆవిడకు ఎన్నేళ్ళుంటాయే?” అని అడిగింది.

“డెబ్భై ఉంటాయి, నాయనమ్మా.”

“ఇక్కడ డెబ్భై ఏళ్ళ కొత్తమనిషిని నువ్వు అంటావా?”

“అనను. మీరు అంటాను.”

“మరి అక్కడ మాత్రం ఎందుకన్నావు?”

నాయనమ్మకు ఇంగ్లీషు రాదు, స్పానిష్ అసలే రాదు. అయినా పాఠం ఆవిడే చెప్పింది! ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లల ఇంగ్లీషు పాడవుతుందని భయపడే తల్లిదండ్రులు ఈ సంగతి ఆలోచించాలి.

అయితే అన్నీ మనకున్నట్టే ఉంటాయని అనుకోకండి. ‘మనం’ అంటే వినేవాడితో కలిపి, ‘మేము’ అంటే అతన్ని విడిచి. స్పానిష్‌లో ఈ తేడా లేదు, రెండింటికీ నొసోత్రోసే. దానికి బదులు, అందరూ ఆడవాళ్ళే అయితే ‘నొసోత్రాస్’ అనీ, ‘ఎయ్యాస్’ అనీ అనాలి. వందమంది ఆడపిల్లల్లో ఒక్క మగపిల్లవాడు చేరితే వ్యాకరణం ప్రకారం మళ్ళీ ‘ఎయ్యోస్’! దేశాన్ని బట్టి కూడా మార్పులున్నాయి. స్పెయిన్‌లో స్నేహితుల గుంపును ‘వొసోత్రోస్’ అంటారు. అమెరికా ఖండాలలో ‘ఉస్తెదెస్’ అంటారు. అర్జెంటీనాలో ‘తూ’కు బదులు ‘వోస్’ వినిపిస్తుంది. కొలంబియాలో కొన్నిచోట్ల ఇంట్లోవారిని సైతం ‘ఉస్తెద్’ అంటారు.

ఇప్పుడు మీకొక పని. మీరు రోజూ పలకరించే పదిమందిని కాగితం మీద రాయండి. అమ్మ, నాన్న, మాస్టారు, స్నేహితుడు, పాలు పోసే ఆయన, వాచ్‌మన్ తాత... ఎవరిని ‘నువ్వు’ అంటున్నారో, ఎవరిని ‘మీరు’ అంటున్నారో పక్కన రాయండి. దాని పక్కనే ‘తూ’ గాని, ‘ఉస్తెద్’ గాని చేర్చండి. ‘మీరు’ అనవలసిన పెద్దలెవరినైనా ‘నువ్వు’ అంటున్నట్టు కనిపిస్తే, స్పానిష్ కంటే ముందు దాన్ని దిద్దుకోండి.