బురుజు పట్టిన తల్లి

బొగ్గు బాయి దిగే ముందు మైసమ్మకు దండం పెట్టడం నాన్నకు అలవాటు. చెప్పులు విడిచి, క్యాప్ ల్యాంపు ఎడమచేత్తో పట్టుకుని, పసుపు వేలితో నుదుట రాసుకునేవాడు. దేవుళ్లను పెద్దగా నమ్మే మనిషి కాదు. గోదావరిఖనిలో ఆ ఒక్కచోట మాత్రం వాదన పెట్టుకునేవాడు కాదు.

మొన్న ఫొటోలో సెయింట్ బార్బరా శిల్పాన్ని చూస్తే ఆయనే గుర్తొచ్చాడు. యూరప్ బరోక్ శిల్పుల చేతి పని: గాలికెగిరే చెంగు, బంగారు పూత, పక్కన మూడు కిటికీల బురుజు. క్రైస్తవం పుచ్చుకుందని కన్నతండ్రే తల నరికాడట, వెంటనే పిడుగు పడి వాడూ పోయాడట. పిడుగు కథ కదా, మందుగుండుతో పనిచేసేవాళ్లు ఆమెను పట్టుకున్నారు, వాళ్లతోపాటు గని కార్మికులూ. డిసెంబరు 4న పోలండ్ సైలీషియాలో నల్ల యూనిఫాం, ఈకల టోపీలు వేసుకుని బ్యాండుతో పండుగ చేస్తారు. చరిత్రకు ఆధారం చాలదని 1969లో వాటికన్ ఆమెను సార్వత్రిక క్యాలెండరులోంచి తీసేసింది. గనివాళ్లు తీయలేదు. షాటు పేలాక పైకప్పు నిలుస్తుందో లేదో తెలియనివాడికి ఆధారాలతో పనేముంది?

మా మైసమ్మకు బంగారు పూత లేదు. పసుపు, కుంకుమ, ఎండిన వేపమండ. ఇప్పుడిక్కడ ఓపెన్‌కాస్టు గనుల జోరు. దిగడానికి బాయి లేని కుర్రాడొకడు డంపరు స్టీరింగు పక్కన మైసమ్మ బొమ్మ అంటించుకున్నాడు. అంచు ఊడితే టేపేశాడు.